అసర్ వేళకు వచ్చే పులిసొర

ఆగస్టు 6, ఆదివారం

ముందు అందరి క్షేమం అడగాలి. అడగకుండా ఏ పనీ మొదలుపెట్టకూడదని మా అమ్మ చెప్పేది. కాగితం మీదైనా అంతే.

జినాన్, ఎడమ చెవి పోటు తగ్గిందా నాయనా? అంతంత లోతు నీళ్ళలోకి దిగితే చెవులేం కాను! సకీనా, నీ మొగుడి వీపు మీది పుండ్లు ఆరాయా? మంచం పట్టినవాణ్ణి పూటకోసారి పక్కకి తిప్పాలి, మరిచిపోకు. యూసుఫ్, పంటి వాపు దిగిందా? మీ అక్క సకీనా చెప్పినా వినవు, నేను చెప్పినా వినవు, లవంగ నూనె పెట్టుకోరా. మూసన్నా, కళ్ళు ఇంకా మసకేనా? అలీఫుళు, నువ్వు మట్టిలోకి వెళ్ళి ఆరేళ్ళయింది, నిన్నేం అడగను. నీ సమాధి మీద కొత్త తెల్ల ఇసుక పోయించాను. నా మోకాలు సంగతి నువ్వడగలేదు గానీ చెబుతున్నాను, బాగాలేదు.

మనసులో గుబులు ఉంటే రాసుకో పెద్దమ్మా, నిద్ర పడుతుంది అని ఆరోగ్య కేంద్రంలో పిల్ల చెప్పింది. ఈ పుస్తకం జినాన్‌ది. ముందు పేజీల్లో వాడు ఎన్ని మీటర్లు దిగాడో, ఏ సొరచేపను చూశాడో రాసుకున్నాడు. వెనక పేజీలు ఖాళీ. నా గుబులంతా ముందు పేజీల్లోనే ఉంది.

ఇవాళ రేవులో, మెట్ల దగ్గర, పులిసొర కనిపించిందట. పడవంత ఉందని మూసన్న అన్నాడు. ఆయనకు కళ్ళు మసక. అయినా భయం వేసింది.

ఆగస్టు 9, బుధవారం

చేపలు బాగా పడ్డాయి. సకీనా, నేను మూడు గుండిగలు ఉడకబెట్టాం. పేగుల బకెట్ రెండుసార్లు పోయాల్సి వచ్చింది. నిద్ర లేదు.

ఆగస్టు 11, శుక్రవారం

శుక్రవారం కాబట్టి జినాన్ ఇంట్లోనే భోజనం చేశాడు. గరుదియా చేప చారులో నిమ్మకాయ పిండి, మిరపకాయ నలిపి, అన్నంలో పోసుకుని రెండుసార్లు తిన్నాడు. వాడు తింటుంటే చూడటం తప్ప నాకు వేరే సంతోషం లేదు. ఆ సంతోషం కూడా సగమే. ముప్పై ఏళ్ళొచ్చినా విదేశీయులకు సొరల్ని చూపించడమే వాడి ఉద్యోగం. దీవికి తూర్పున, పగడపు దిబ్బ అవతల, ట్యూనా తలకాయలు రాళ్ళ కింద పెట్టి పులిసొరల్ని పిలుస్తారు. పిలిచి, పక్కన మోకాళ్ళ మీద కూర్చుంటారట, మసీదులో కూర్చున్నట్టు.

"రేవులోకి వచ్చింది మీరు మేపేదేనా?" అని అడిగాను.

"కాదమ్మా. మా దగ్గరికి వచ్చేవాటిని ముఖం చూసి గుర్తుపడతాం. దీన్ని నేను ఒక్కసారే చూశాను. పైరెక్క మీద గాటుంది, మేక చెవి కొరికినట్టు. ఆడది."

"ఆడదైతే మాత్రం?"

"ఆడదైతే ఆకలెక్కువ," అని నవ్వాడు. నేను నవ్వలేదు. వాడూ నవ్వడం ఆపేసి, "రోజూ ఒకే వేళకు వస్తోందమ్మా. సాయంత్రం అసర్ నమాజు అయ్యీ అవగానే. ఎవరో అన్నానికి పిలిచినట్టు," అన్నాడు.

నేను కంచం తీసేశాను.

చెయ్యి కడుక్కుంటూ, "రేపట్నుంచి ఆ బకెట్ నేను పారబోస్తాలే. నీ మోకాలికి ఎందుకు శ్రమ?" అన్నాడు. మగపిల్లాడు పేగులూ మొప్పలూ మోసుకుంటూ వీధిలో పోతే ఊరు నన్నేమనుకుంటుంది? వద్దన్నాను. వాడు ఇలా అడగడం ఇది రెండోసారి. తల్లి మీద ప్రేమ.

ఆగస్టు 15, మంగళవారం

సకీనాకూ నాకూ ఉమ్మడిగా ఉన్న వంటపాకలో రోజంతా రిహాకురు కాచాం. చేప ఉడికిన నీళ్ళు ఇగిరి ఇగిరి, బెల్లపు పాకంలా నల్లగా దగ్గరపడేదాకా కలుపుతూనే ఉండాలి. నలభై ఏళ్ళుగా ఇద్దరం ఒకే గుండిగ దగ్గర కూర్చుంటున్నాం. దాని గరిటె ఒక పక్క, నా గరిటె ఒక పక్క.

"హవ్వక్కా, పేగుల బకెట్ పడమటి కొసకే మోస్తున్నావు కదా?" అంది సకీనా, గుండిగలోకి చూస్తూ.

"ఆఁ."

"నీ మోకాలితో అంత దూరం ఎలా మోస్తున్నావో తల్లీ! నేనే పోదును, ఈయన్ని వదిలి కదలలేక నీ నెత్తిన పెట్టాను."

"నెత్తిన కాదులే, చేతిలోనే," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

పడమటి కొసన నీరు బయటికి లాగుతుంది. మా అత్తగారి కాలం నుంచీ ఆడవాళ్ళు అక్కడే పారబోసేవారు. మనిషి కాలు పెట్టే చోట సముద్రానికి అన్నం పెట్టకూడదని మా ఆయన అలీఫుళు అనేవాడు. అలీఫుళు మోకాళ్ళు బాగుండేవి. కొసకు పోయి రావడానికి నాకు ముప్పావు గంట పడుతుంది. రేవు మెట్లు మా గుమ్మానికి ఎదురుగానే ఉన్నాయి. రంజాన్ నెలలో ఉపవాసంతో కళ్ళు తిరిగి ఒక్కరోజు మెట్ల దగ్గర పోశాను. ఆ తర్వాత ఒక్కరోజు కాదు. ఇంత పెద్ద సముద్రానికి ఒక బకెట్ ఎంత?

సొర మళ్ళీ వచ్చిందని పిల్లలు అరిచారు. తలుపు వేసుకున్నాను.

ఆగస్టు 17, గురువారం

యూసుఫ్‌ను సొర కరిచింది.

సరుకు దించాక పడవను రేవు మధ్యలో లంగరు తాడుకు కట్టి, రోజూ లాగే దూకి మెట్ల వైపు ఈదుకుంటూ వస్తున్నాడు. మెట్లు ఇంకా పది బారల దూరం. కుడికాలు. మూసన్న తెడ్డు తీసుకుని నీళ్ళలోకే దూకాడట, ఆ మసక కళ్ళతో. ఇద్దరు కలిసి పైకి లాగారు. జినాన్ తన చొక్కా చింపి తొడకు బిగించి కట్టాడు. సకీనా అరుపు మా ఇంట్లోకి వినిపించింది. తమ్ముణ్ణి అది పెంచింది, వాళ్ళమ్మ కాదు.

నేను అప్పటికే పోసేసి ఇంటికి వచ్చేశాను. చాలాసేపైంది.

చాలాసేపు అంటే, టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టాను. అవి ఇంకా మరగలేదు.

ఆగస్టు 19, శనివారం

యూసుఫ్‌ను నిన్న విమానంలో రాజధాని మాలేకి తీసుకెళ్ళారు. మోకాలి కింద తీసేశారని కబురొచ్చింది. యూసుఫ్ పడవ వెనకతట్టున నిలబడి గాలం కర్ర విసిరితే ట్యూనాలు వరసగా గాల్లో ఎగిరి పడేవి. దానికి రెండు కాళ్ళూ ఆనించాలి.

బకెట్ పోయలేదు. ఇంట్లోనే మూత పెట్టి ఉంచాను. వాసన.

ఆగస్టు 20, ఆదివారం

పోశాను. మెట్ల దగ్గరే, తెల్లవారుజామున, ఎవరూ లేనప్పుడు. వేరే వేళ కదా.

ఆగస్టు 21, సోమవారం

కౌన్సిల్ హాలులో సమావేశం. ఊరంతా వచ్చింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మూసన్న మొదలుపెట్టాడు. "మా కాలంలో సొరల్ని పట్టేవాళ్ళం. కాలేయం నూనె తీసి పడవ అడుగుకి పూసేవాళ్ళం. అప్పుడు అవి మనల్ని చూసి భయపడేవి. పట్టకూడదని చట్టం వచ్చి పుష్కరం దాటింది. ఇప్పుడు మనం భయపడుతున్నాం."

"నీ నూనె కంపుకే పారిపోయేవిలే మూసన్నా," అన్నారు వెనకనుంచి. ఒకరిద్దరు నవ్వారు, వెంటనే ఆపుకున్నారు.

ఇంకొకాయన, దిబ్బను తవ్వి రేవు కట్టినప్పుడే తలుపు తెరిచినట్టయింది, దొంగ రాక ఏం చేస్తాడు అన్నాడు. పడవలవాళ్ళు చచ్చిన ఎర చేపల్ని రేవులోనే పారేస్తున్నారని ఒకామె అంటే, పడవలవాళ్ళు ఆమె మీద లేచారు. అందరూ అరిచి అరిచి చివరికి ఒకరి వైపే తిరిగారు.

"సొరలకు మనిషి చేతి కూడు అలవాటు చేసిందెవరు? ఈ జినానూ, వాడి డైవింగు కొట్టూ! విదేశీయుడు ఫోటో తీసుకుని పోతాడు, మనవాడు కాలు పోగొట్టుకుంటాడు!"

జినాన్ లేచాడు. "తూర్పు దిబ్బ దగ్గరికి వచ్చేవి వేరు. ఇది వేరు. నా దగ్గర ఫోటోలున్నాయి, చూడండి."

"ఫోటోలు యూసుఫ్‌కి చూపించు!"

వాడు కూర్చున్నాడు. నా వైపు చూశాడు. చూసి, తల దించుకున్నాడు.

అప్పుడు కౌన్సిల్ పెద్ద, "హవ్వ దీదీ, నీ కొడుకు పనే ఇది. తల్లివి నువ్వేమంటావు?" అని అడిగాడు.

నేను లేచి నిలబడి చెప్పాను. ఆ పని నాకు మొదటినుంచీ ఇష్టం లేదని చెప్పాను. సొరలకు తిండి పెట్టడం పాపమని చెప్పాను. ఆ కొట్టు మూసేయండి, నా కొడుకు నేల మీద ఉంటే చాలు అని చెప్పాను. అవన్నీ నిజాలే. ఆడవాళ్ళు నా భుజం తట్టారు. సకీనా అయితే నా చెయ్యి పట్టుకుని కళ్ళకు అద్దుకుంది.

కొట్టు మూసేయమన్నారు. రేవులోకి వచ్చే సొరను చంపడానికి అనుమతి కోరుతూ ప్రభుత్వానికి ఉత్తరం రాస్తున్నారు.

ఆగస్టు 22, మంగళవారం

నేను అబద్ధం ఆడలేదు. అడగనిది చెప్పలేదు.

ఆగస్టు 24, గురువారం

జినాన్ ఇంటి పట్టునే ఉంటున్నాడు. ఎన్నేళ్ళుగానో దీని కోసమే దువా చేశాను. వాడు ఉయ్యాలబల్ల మీద పడుకుని కప్పు వైపు చూస్తుంటాడు. ఉయ్యాల ఊగదు.

పొద్దున గుమ్మం ముందు ట్యూనా తలకాయ పడేసి పోయారు ఎవరో. కళ్ళతో సహా. దాని పక్కన ఇసుకలో వేలితో రాశారు: సొరమొగుడు. వాడు చూసేలోపు చీపురుతో చెరిపాను. చూశాడనుకుంటాను.

మధ్యాహ్నం చేపలు కోసి నేను లేచేసరికి బకెట్ లేదు. జినాన్ తీసుకెళ్ళాడు. అడగలేదు, ఆగలేదు, వీధి మధ్యలోనే నడిచి వెళ్ళాడు. జనం చూస్తూ ఉన్నారు. నలభై నిమిషాలకు ఖాళీ బకెట్‌తో తిరిగొచ్చాడు. కాళ్ళకు పడమటి కొస ఇసుక అంటుకుని ఉంది, అక్కడి ఇసుకకు ఎరుపు ఉంటుంది.

బకెట్ కడిగి బోర్లించాను.

ఆగస్టు 27, ఆదివారం

రాయకూడదనుకున్నాను, రాస్తున్నాను.

అసర్ నమాజు కాగానే మెట్ల దగ్గరికి వెళ్ళాను. చేతిలో ఏమీ లేదు. ఆఖరి పొడి మెట్టు మీద నిలబడ్డాను. ఎప్పుడూ అక్కడే నిలబడేదాన్ని, బకెట్ వంచడానికి అది అనువుగా ఉంటుంది.

వచ్చింది.

మొదట నీళ్ళ కింద రంగు మారింది. తర్వాత చారలు. తర్వాత ఆ గాటు పడ్డ రెక్క, తొందరేమీ లేకుండా. పడవల వైపు పోలేదు. దూరంగా అరుస్తున్న పిల్లల వైపు పోలేదు. నేరుగా మెట్టు దగ్గరికి వచ్చింది. నా కాళ్ళకు మూరెడు దూరంలో మూతి పెట్టి అటూ ఇటూ కదిలింది. గుమ్మంలోకి వచ్చిన పిల్లి కదిలినట్టు. వెళ్ళింది. తిరిగొచ్చింది. మళ్ళీ వెళ్ళి మళ్ళీ వచ్చింది.

దాని కన్ను పెద్దది, నల్లది. అందులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

రెండు చేతులూ చాపి చూపించాను. ఏమీ లేవే, వెళ్ళు అన్నాను. పిచ్చిదానిలా సొరతో మాట్లాడాను. అది అక్కడే తిరుగుతూ ఉంది. ఇన్ని నెలలు రోజూ వేళ తప్పకుండా పెట్టినదాన్ని నేనే. ఆ రోజు కూడా పెట్టాను. అది తింటూ ఉండగా మధ్యలో యూసుఫ్ దూకాడు.

రాసేశాను. ఇప్పుడు ఈ పుస్తకాన్ని ఎక్కడ దాచను?

ఆగస్టు 30, బుధవారం

వచ్చింది. తక్కువసేపు ఉంది.

సెప్టెంబరు 1, శుక్రవారం

దూరంగా ఒకసారి రెక్క కనిపించింది. మెట్ల దాకా రాలేదు.

మూసన్న గట్టు మీద కూర్చుని పాత సొర గాలాన్ని రాయి మీద నూరుతున్నాడు. నన్ను చూసి, "అనుమతి వస్తే దీన్ని చంపుతాం చెల్లెమ్మా. కానీ పొయ్యి వెలుగుతున్నంతకాలం పిల్లి ఒకటి పోతే ఒకటి వస్తుంది," అన్నాడు. ఎవరి పొయ్యి అనలేదు. ఆయనకు కళ్ళు మసకని అందరూ అనుకుంటారు.

సెప్టెంబరు 4, సోమవారం

మూడు రోజులుగా రాలేదు. రేవు నీళ్ళు ఖాళీగా ఉన్నాయి. కొట్టు మూసేశారు కాబట్టే సొర పోయిందని ఊరంతా అనుకుంటోంది. చూశారా, మేం చెప్పలేదా అంటున్నారు.

జినాన్ రేపు కౌన్సిల్‌లో ఒక కాగితం మీద సంతకం చేయాలట. డైవింగువాళ్ళం తిండి అలవాటు చేయడం వల్లే రేవులోకి సొర వచ్చింది, యూసుఫ్‌కి జరిగినదానికి బాధ్యత మాదే అని. సంతకం చేస్తే ఊళ్ళో ఉండనిస్తారు. వాడు ఇక నీళ్ళలోకి దిగడు. వాడి నోటికి ఎప్పటికీ ఆ మాట అంటుకుని ఉంటుంది.

అన్నం పెడుతూ అడిగాను. "నువ్వు చేయని దానికి సంతకం ఎందుకు పెడతావు?"

"ఎవరో ఒకరు పెట్టాలి కదమ్మా."

"ఎవరో ఒకరు అంటే?"

రోషి రొట్టె ముక్క తుంచి, చేపా కొబ్బరీ కలిపిన మస్‌హుని మీద పెట్టి, తినకుండా పట్టుకున్నాడు. "ఊరికి ఒక పేరు కావాలి. నాకైతే వయసుంది, మోస్తాను."

అన్నం గిన్నె కింద పెట్టాను. "నీకు ఎప్పటినుంచి తెలుసురా?"

"నాలుగుసార్లు అడిగాను కదమ్మా, బకెట్ ఇమ్మని," అన్నాడు. "ఇలా ఇవ్వమ్మా, అని. బలవంతానైనా లాక్కోవాల్సింది. అది నా తప్పే."

నాలుగుసార్లా! రెండోసారి అని రాసుకున్నాను. మిగతా రెండూ గుర్తు కూడా లేవు.

వాడు సొరల మధ్య కూర్చుంటే ఏమవుతుందోనని ఇన్నేళ్ళు భయపడ్డాను. వాడికి అక్కడ ఏమీ కాలేదు. అయిందేదో నా గుమ్మం ముందే అయింది.

సెప్టెంబరు 5, మంగళవారం

వాడి కంటే ముందే కౌన్సిల్ హాలుకు వెళ్ళాను. మోకాలు నొప్పి పుట్టినా కూర్చోమంటే కూర్చోలేదు. కాగితం పక్కన పెట్టమన్నాను. రంజాన్ నుంచి చెప్పాను. ఏ మెట్టు మీద నిలబడ్డానో చెప్పాను. ఆ గురువారం టీ నీళ్ళ సంగతి కూడా చెప్పాను. సమావేశంలో నేను ఎందుకు మాట్లాడానో చెప్పాను: కొడుకు నేల మీద ఉంటాడని.

ఎవరూ అరవలేదు. అరిస్తే తేలికగా ఉండేది. కౌన్సిల్ పెద్ద కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

సకీనా వాకిట్లో నిలబడి అంతా వింది. ఎప్పుడు వచ్చిందో నేను చూడలేదు.

"పడమటి కొసకే కదా అని అడిగాను నిన్ను," అంది. "గుండిగ దగ్గర కూర్చుని, ముఖం మీదే అడిగాను. ఆఁ అన్నావు."

"అన్నాను."

"నవ్వావు కూడా."

"నవ్వాను."

"నా పేగులూ అందులోనే ఉన్నాయి హవ్వక్కా. నా చేత్తో కోసిన పేగులు. నా తమ్ముడి కాలు దగ్గర పోశావు."

అంతే అంది. అక్కా అని పిలవడం మాత్రం మానలేదు, ఆ మాటే గుచ్చుకుంటోంది.

జినాన్ నన్ను చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు. దారిలో ఒక్కసారి, "ఎందుకమ్మా?" అన్నాడు. తర్వాత చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

సెప్టెంబరు 6, బుధవారం

సకీనా మనిషిని పంపి వంటపాకలోంచి తన గరిటె తెప్పించుకుంది. నా గరిటె ఒక్కటే ఉంది.

సెప్టెంబరు 9, శనివారం

రేవు మెట్ల దగ్గర ఏదీ పారబోయకూడదని కౌన్సిల్ పలక పెట్టింది. పడవలవాళ్ళకూ అదే నియమం. ఇంటింటి బకెట్లూ పడమటి కొసకు తీసుకుపోవడానికి మూడు చక్రాల బండి ఒకటి చేయిస్తున్నారు. మొదటి నెల దాన్ని తోసేది నేనేనన్నాను. మోకాలు ఉందిగా అన్నారు. ఉండనీ అన్నాను.

సొరను చంపే ఉత్తరం వెనక్కి తీసుకోవాలని మూసన్న గొడవపడ్డాడట. డైవింగు కొట్టు సంగతి ఇంకా తేల్చలేదు. జినాన్‌ని ఎవరూ పలకరించడం లేదు, కానీ గుమ్మం ముందు తలకాయలు పడటం లేదు.

సొర రాలేదు. ఎనిమిదో రోజు. అసర్ వేళకు నా కాళ్ళు వాటంతటవే గుమ్మం దాకా పోతున్నాయి.

సెప్టెంబరు 12, మంగళవారం

యూసుఫ్ మాలే నుంచి వచ్చాడు. కుర్చీలో కూర్చోబెట్టి పడవలోంచి దించారు. నేను కిటికీ సందులోంచి చూశాను. మెట్ల దగ్గరికి రాగానే ఆపమన్నాడు. నీళ్ళలోకి చూశాడు. సన్నబడ్డాడు. పంటి వాపు లేదు.

సెప్టెంబరు 13, బుధవారం

సాయంత్రం సకీనా వచ్చింది. లోపలికి రాలేదు, గుమ్మం అవతలే నిలబడింది. జుట్టు దువ్వుకోలేదు. మొగుడి మందు వాసన వస్తోంది దాని చేతుల దగ్గర.

"యూసుఫ్ నిన్ను చూడాలంటున్నాడు," అంది.

"తిడతాడా?"

"నాకేం తెలుసు? వద్దురా అన్నాను. వినలేదు. నేను చెప్పింది ఎప్పుడు విన్నాడు గనక!" గొంతులోకి పాత చనువు కాస్త వచ్చింది, వెంటనే సర్దుకుంది. "ఒక్క మాటే చెప్పమన్నాడు. నీ నోటితో వినాలట. కౌన్సిల్‌లో చెప్పినదంతా. మొదటినుంచి, ఒక్కటీ వదలకుండా."

"ఏమైనా తీసుకురానా? సీమపనస వేయించి..."

"ఏమీ తేకు. చేతుల్లో ఏమీ వద్దు."

"ఎప్పుడు రమ్మన్నాడు?"

సకీనా రేవు వైపు చూసింది, నా వైపు చూడలేదు. రోజు తను పెట్టింది కాదని, వాడే పెట్టాడని రెండుసార్లు చెప్పింది. వేళ కూడా వాడే పెట్టాడంది.

పదిహేనో తేదీ, శుక్రవారం. అసర్ నమాజు కాగానే.